శాఖాచంద్ర న్యాయం: కంప్యూటరులో ప్రతులూ, శాఖలూ

మన సంఘం వార్షిక సంచికకు వచ్చే వ్యాసాలను సేకరించి, అచ్చుతప్పులు దిద్ది, ముద్రణకు పంపే పనిలో కొన్నేళ్ళుగా నేనూ ఒక చెయ్యి వేస్తున్నాను. మూడేళ్ళ క్రితం ఆ పనిలో నా వల్ల ఒక పొరపాటు జరిగింది. కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దాయన, తాను పుట్టి పెరిగిన పల్లెలోని చెరువును గురించి వ్యాసం రాసి ఇచ్చారు. కాగితం మీద ఉన్నదాన్ని వారి కోడలు టైపు చేసి నాకు పంపింది. నేను నా ప్రతిలో అచ్చుతప్పులు దిద్దుతూ కూర్చున్నాను. అదే వారంలో ఆయనకు మరికొన్ని సంగతులు గుర్తుకు వచ్చి, కోడలి దగ్గర ఉన్న ప్రతిలో చివర రెండు పేరాలు చేర్పించారు. ఒక తుపాను రాత్రి గట్టు మీద ఒంటరిగా కాపలా కాసి, తెల్లవారేలోగా తూములు తెరిచి, ఊరు మునగకుండా కాపాడిన నీరటిని గురించిన పేరాలు అవి. ఆ మనిషి పేరు మరెక్కడా రాసి లేదని ఆయనే నాతో తరవాత అన్నారు.

ముద్రణకు పంపే నాటికి నా కంప్యూటరులో నాలుగు ఫైళ్ళున్నాయి: 'చెరువు', 'చెరువు దిద్దినది', 'చెరువు ఫైనల్', 'చెరువు అసలు ఫైనల్'. పుటలు కూర్చే మిత్రుడు తేదీ చూసి అన్నిటికన్నా తాజాగా ఉన్నదాన్ని ఎత్తుకున్నాడు. అది నేను దిద్దినది. సంచిక వచ్చింది, నీరటి రాలేదు. పెద్దాయన కోపగించుకోలేదు. "పోనీలే నాయనా, వచ్చే ఏడు వేద్దురుగాని" అన్నారు. వచ్చే ఏటికి ఆయన లేరు.

ఇందులో నాకు సిగ్గు కలిగించే విషయం ఒకటుంది. నేను వృత్తిరీత్యా ప్రోగ్రాములు రాసేవాణ్ణి. సరిగ్గా ఇటువంటి పొరపాటు జరగకుండా చూసే సాధనాన్ని పగలంతా ఆఫీసులో వాడి, సాయంత్రం ఇంటికి వచ్చి 'ఫైనల్', 'అసలు ఫైనల్' అని ఫైళ్ళకు పేర్లు పెట్టుకున్నాను. ఆ సాధనాన్ని వెర్షన్ కంట్రోల్ అంటారు. మనం ప్రతుల నిర్వహణ అనుకుందాం. ఈ వ్యాసం అందులోని ఒక ముఖ్యమైన అంశాన్ని, అనగా శాఖలను సృష్టించుకోవడం, సంబాళించుకోవడం అనే విషయాన్ని గురించినది. ప్రోగ్రాములు రాసే పాఠకులకు ఇందులో చాలా భాగం తెలిసినదే కావచ్చు. ఇంట్లో వారు రోజంతా తెర ముందు కూర్చుని 'బ్రాంచి', 'మెర్జి' అని గొణుక్కోవడం విని అదేమిటో అనుకునేవారినీ, కాలేజీలో ఈ విద్యలోకి అడుగు పెట్టబోయే పిల్లలనూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

తాళాల కాలం

ఒకే రచన మీద పలువురు పని చేస్తే వచ్చే చిక్కు ప్రోగ్రాములు రాసేవారికి యాభై ఏళ్ళ కిందటే ఎదురయింది. 1972లో బెల్ ప్రయోగశాలలలో మార్క్ రోచ్‌కిండ్ అనే ఆయన ఎస్.సి.సి.ఎస్. అనే సాధనాన్ని తయారు చేశారు. 1980ల తొలి సంవత్సరాలలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ దానికంటె మెరుగైన ఆర్.సి.ఎస్.ను రూపొందించారు. ఈ సాధనాలు ఒక ఫైలు యొక్క ప్రతి మార్పునూ, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎందుకు చేశారు అన్న వివరంతో సహా దాచి ఉంచేవి. ప్రతిసారీ పూర్తి నకలు దాచితే ఆనాటి డిస్కులు చాలవు. అందుచేత ఆర్.సి.ఎస్. తాజా ప్రతిని మాత్రమే పూర్తిగా ఉంచి, వెనకటి ప్రతులను పొందడానికి కావలసిన తేడాలను మాత్రం దాచేది.

అయితే అప్పటి మామూలు పద్ధతిలో ఫైలు మార్చదలచినవారు ముందు దానికి తాళం వేసుకోవాలి. ఒకరు తాళం వేసుకుంటే మిగతావారు వేచి ఉండవలసిందే. తాళం వేసుకున్న మనిషి సెలవు మీద వెళ్ళిపోతే ఇక చెప్పనక్కరలేదు. శాఖలు ఆనాడూ ఉండేవి. 1.2 అనే ప్రతి నుంచి చీలిన మొదటి శాఖలోని మొదటి ప్రతికి 1.2.1.1 అని సంఖ్య పడేది. నాలుగైదు చీలికల తరవాత ఆ సంఖ్యలు తాతల నాటి ఆస్తి పంపకాల సర్వే నంబర్లలా తయారయ్యేవి.

ఆమ్‌స్టర్‌డాం నగరంలో అధ్యాపకుడైన డిక్ గ్రూన్ 1986లో సి.వి.ఎస్. అనే సాధనాన్ని బయటపెట్టి ఈ తాళాలను తొలగించారు. తానూ, తన విద్యార్థులిద్దరూ వేరు వేరు వేళల్లో పని చేసుకోవడానికి వీలుగా దాన్ని రాసుకున్నారట. ఎవరి ప్రతిలో వారు పని చేసుకుని, చివరకు కలుపుకోవచ్చు. తరవాత సబ్‌వెర్షన్ వచ్చింది. దాని నిర్మాణం 2000లో మొదలయింది. అందులో శాఖను పుట్టించడం చాలా తేలిక. కాని ఏ మార్పులు ఇదివరకే కలిసాయో గుర్తు పెట్టుకునే శక్తి దానికి 2008 దాకా రాలేదు. పుట్టించడం తేలికై, కలపడం కష్టమైతే ఏమవుతుంది? అందరూ శాఖలంటేనే భయపడతారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బృందంలో ఆ భయాన్ని కళ్ళారా చూశాను. శాఖ తెరవాలంటే పై అధికారి అనుమతి కావాలి!

2005లో పరిస్థితి మారింది. లినక్స్ కెర్నెల్ రచయితలు 2002 నుంచి బిట్‌కీపర్ అనే సాధనాన్ని ఉచితంగా వాడుకుంటూ వచ్చారు. 2005లో ఆ ఉచిత సదుపాయం ఆగిపోయింది. అప్పుడు లైనస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్ 3న ఒక కొత్త సాధనాన్ని రాయడం మొదలుపెట్టి, ఏప్రిల్ 7 నాటికి ఆ సాధనం తన సొంత చరిత్రను తానే దాచుకునే స్థితికి తెచ్చారు. అదే గిట్. ఆ సంవత్సరం జులై నుంచి దాని పోషణ భారాన్ని జునియో హమానో వహిస్తున్నారు. ఇప్పుడు ప్రపంచంలో ప్రోగ్రాములు రాసేవారిలో అత్యధికులు వాడేది గిట్‌నే కనుక ఇకపై చెప్పేదంతా దానికి సంబంధించినదే.

కొమ్మ, చంద్రుడు

శాఖ అనగానే చాలామంది ఫైళ్ళన్నిటికీ మరొక నకలు అనుకుంటారు. పాత సాధనాల అలవాటు వల్ల కలిగిన భావం అది. గిట్‌లో శాఖ నకలు కాదు.

ఇది అర్థం కావాలంటే ముందు నమోదు అంటే ఏమిటో తెలియాలి. మనం పని చేస్తూ ఒక దశకు చేరుకున్నాక 'ఈ స్థితిని గుర్తుంచుకో' అని గిట్‌కు చెబుతాం. దానినే కమిట్ అంటారు. నమోదు అని తెలుగు చేసుకుందాం. ప్రతి నమోదులోనూ అప్పటి ఫైళ్ళ స్థితి, చేసినవారి పేరు, తేదీ, ఒక చిన్న వివరణ, వీటితోబాటు తనకు ముందున్న నమోదు ఏదో చెప్పే గుర్తు ఉంటాయి. ఈ మొత్తం సమాచారం నుంచి ఒక గణిత ప్రక్రియ ద్వారా 40 అక్షరాల పొడవు గల ఒక గుర్తు పుడుతుంది. లోపల ఒక్క చుక్క మారినా ఆ గుర్తు పూర్తిగా మారిపోతుంది.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి. బిడ్డకు తల్లి ఎవరో తెలుసు. తల్లికి తన బిడ్డలు ఎందరో తెలియదు. మన పెళ్ళిళ్ళలో పురోహితుడు ప్రవర చెప్పేటప్పుడు ఫలానావారి మునిమనుమడు, ఫలానావారి మనుమడు, ఫలానావారి కుమారుడు అని పెద్దలను వరసగా తలుస్తాడు. ప్రవర ఎప్పుడూ వెనకటి తరాలనే చెబుతుంది. గిట్‌లో ప్రతి నమోదూ తన ప్రవరను తాను చెప్పుకోగలదు.

మరి శాఖ? ఒకానొక నమోదు గుర్తును రాసి పెట్టుకున్న చిన్న చీటీ, అంతే. 40 అక్షరాలు, చివర పంక్తి ముగింపు, వెరసి 41 బైట్ల ఫైలు. లక్షల పంక్తులున్న ప్రోగ్రాములోనైనా కొత్త శాఖ తెరిస్తే మామూలుగా పుట్టేది ఆ 41 బైట్లే. సి.వి.ఎస్.లో అయితే శాఖ తెరిచినప్పుడు ప్రతి ఫైలు చరిత్రలోనూ ఒక ముద్ర వేయవలసి వచ్చేది. ఫైళ్ళు వేలల్లో ఉంటే కాఫీ తాగి రావచ్చు.

మన శాస్త్రాలలో శాఖాచంద్ర న్యాయం అని ఒకటి ఉంది. విదియనాటి సన్నని చంద్రరేఖను పిల్లవాడికి చూపించడానికి తల్లి 'అదుగో, ఆ కొమ్మ మీద చూడు' అంటుంది. చంద్రుడు కొమ్మ మీద లేడు. కొమ్మ చూపును అటు తిప్పడానికి మాత్రమే. గిట్ శాఖ అచ్చంగా ఇటువంటి కొమ్మ. అసలు చరిత్ర అంతా నమోదుల గొలుసులో ఉంది. శాఖ ఆ గొలుసు కొసను చూపిస్తుంది. మనం ఆ శాఖలో ఉండి కొత్త నమోదు చేసినప్పుడల్లా ఆ చీటీలోని గుర్తు ముందుకు జరుగుతుంది. ఈ సాధనానికి బ్రాంచి అనే పేరు పెట్టినవారికి ఈ న్యాయం తెలిసి ఉండదు గాని, తెలుగులో శాఖ అనడానికి నాకు ఇంతకన్నా మంచి సమర్థన కనబడలేదు. వేదశాఖ అన్నప్పుడు కూడా ఆ మాటకు పరంపరగా వచ్చిన పాఠమనే అర్థం. తైత్తిరీయ శాఖ మన ఆంధ్ర దేశంలో చాలా కుటుంబాలకు తెలిసిన పేరే.

శాఖను తెరవడానికి 'గిట్ స్విచ్' అనే ఆజ్ఞకు ఒక అడ్డగీత, సి అక్షరం, ఆ తరవాత కొత్త శాఖ పేరు జోడిస్తే చాలు. 2019కి పూర్వం ఈ పనికి 'గిట్ చెకౌట్' అనే ఆజ్ఞను వాడేవారు. ఇప్పటికీ అది పని చేస్తుంది. నాబోటి పాతవారి వేళ్ళు అటే పోతాయి. 'గిట్ బ్రాంచ్' అంటే ఉన్న శాఖల జాబితా వస్తుంది. ఇప్పుడు మనం నిలబడి ఉన్న శాఖ పక్కన ఒక నక్షత్రం గుర్తు ఉంటుంది. ఆ నక్షత్రాన్ని చూడకుండా పని మొదలుపెట్టి, ఒకరి శాఖలో మరొకరి పని చేసినవారు నాకు చాలామంది తెలుసు. వారిలో మొదటివాణ్ణి నేనే.

శాఖను తాజా నమోదు నుంచే తెరవాలన్న నియమం లేదు. చరిత్రలో ఎంత వెనకటి నమోదు దగ్గర నుంచి అయినా తెరవవచ్చు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి, కాసేపట్లో అవసరం వస్తుంది.

ఉమ్మడి పూర్వీకుడు

శాఖలు తెరవడం పిల్లల ఆట. వాటిని తిరిగి కలపడంలోనే ఉంది అసలు విద్య.

పెద్దాయన వ్యాసాన్నే తీసుకుందాం. నా ప్రతిలో చివరి రెండు పేరాలు లేవు. ఆయన ప్రతిలో ఉన్నాయి. ఈ రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి పోల్చిచూస్తే తేడా కనిపిస్తుంది. కాని ఒక ప్రశ్నకు సమాధానం దొరకదు: ఆ పేరాలను ఆయన చేర్చారా, లేక ముందే ఉన్నవాటిని నేను కొట్టివేశానా? మొదటిది నిజమైతే వాటిని ఉంచాలి. రెండవది నిజమైతే తీసివేయాలి. రెండు ప్రతుల మధ్య తేడా ఎంత నిశితంగా చూసినా ఈ ప్రశ్న తేలదు. మూడవ ప్రతి కావాలి. ఇద్దరమూ ఏ ప్రతి నుంచి బయలుదేరామో ఆ ప్రతి, అనగా కోడలు మొదట టైపు చేసినది. అందులో ఆ పేరాలు లేవు. కనుక ఆయన చేర్చారు. తేలిపోయింది.

గిట్ విలీనం ఈ సూత్రం మీదనే నడుస్తుంది. రెండు శాఖలను కలపమన్నప్పుడు అది రెండింటి ప్రవరలనూ వెనక్కి చదువుకుంటూ పోయి, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న దగ్గరి పూర్వీకుణ్ణి కనుక్కుంటుంది. ఒక చోట ఒక శాఖ మాత్రమే పూర్వీకుడి నుంచి మారి ఉంటే ఆ మార్పును తీసుకుంటుంది. ఇద్దరూ ఒకే మార్పు చేసి ఉంటే సరేసరి. ఒకే చోట ఇద్దరూ వేరు వేరు మార్పులు చేసి ఉంటేనే ఆగి మనిషిని అడుగుతుంది. కలిపిన ఫలితం కొత్త నమోదు అవుతుంది; దాని ప్రవరలో ఇద్దరు తల్లిదండ్రులుంటారు. ఒక శాఖలో అసలు కదలికే లేకపోతే కలపడానికి ఏమీ ఉండదు. చీటీలో గుర్తు ముందుకు జరిగితే సరిపోతుంది. (ఇద్దరితోనే ఆగాలని లేదు. 2014లో లినక్స్ చరిత్రలో 66 మంది తల్లిదండ్రులున్న విలీనం ఒకటి నమోదయింది! అనుకరణీయం కాదు.)

ఈ ఉమ్మడి పూర్వీకుడి విలువ తెలియాలంటే అది లేనివారి పాట్లు చూడాలి. పుణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో సంస్కృత మహాభారతానికి పరిశోధిత ప్రతిని తయారుచేసే పని చేపట్టింది. 1925 నుంచి వి.ఎస్. సుక్‌తంకర్ దానికి సంపాదకత్వం వహించారు. శారద, నేపాలీ, బెంగాలీ, దేవనాగరి, గ్రంథ, మలయాళ లిపులలోని ప్రతులతోబాటు మన తెలుగు లిపిలోని ప్రతులను కూడా పోల్చారు. మొత్తం వెయ్యికి పైగా ప్రతులు పరిశీలించవలసి వచ్చింది. పని 1966లో పూర్తయింది. ఉత్తరాది పాఠానికీ, దక్షిణాది పాఠానికీ మధ్య ఎన్నో చోట్ల పేచీ వస్తుంది: ఈ శ్లోకాలు ఒకరు చేర్చినవా, మరొకరు వదిలేసినవా? మూల ప్రతి చేతిలో లేదు. ఏ లేఖకుడు ఏ ప్రతి చూసి రాశాడో చాలా వాటిలో రాసి లేదు. ఉన్న కొమ్మలను బట్టి లేని మొదలును ఊహించవలసి వచ్చింది. అంతకు వందేళ్ళ ముందే బ్రౌన్ దొర తెలుగు కావ్యాలకూ, వేమన పద్యాలకూ దొరికిన ప్రతులన్నీ సేకరించి, పండితులను జీతానికి పెట్టి పాఠాంతరాలు పోల్పించాడు. ఆ లేఖకులు తమ తాళపత్రం చివర తల్లి ప్రతి గుర్తు ఒక్కటి రాసి ఉంటే ఆ పండితులకు ఎన్ని ఏళ్ళ శ్రమ తగ్గేదో!

మనిషిని అడగవలసిన చోట గిట్ ఫైలులోనే ఆ రెండు పాఠాలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి, పైనా, కిందా, మధ్యలో ఏడేసి గుర్తులతో గీతలు గీసి ఇస్తుంది. దీనిని కాన్‌ఫ్లిక్ట్ అంటారు. పాఠ వైరుధ్యం అనవచ్చు. కొత్తవారు ఈ గీతలు చూసి ఏదో పాడైపోయిందని బెదిరిపోతారు. ఏమీ పాడు కాలేదు. 'నాకు తెలియదు, మీరు చెప్పండి' అని యంత్రం ఒప్పుకుంటున్నది. కావలసిన పాఠాన్ని ఉంచి, గీతలు చెరిపి, మళ్ళీ నమోదు చేయాలి. ధైర్యం చాలకపోతే విలీనాన్ని రద్దు చేసి వెనకటి స్థితికి పోయే ఆజ్ఞ ఉంది.

నా దృష్టిలో అసలు భయపడవలసింది వైరుధ్యం చూపని విలీనానికి. ఒక శాఖలో ఒకరు ఒక ఫంక్షను పేరు మార్చి, అది వాడిన చోట్లన్నీ సవరించారనుకోండి. ఇంకొక శాఖలో మరొకరు వేరే ఫైలులో ఆ ఫంక్షనును పాత పేరుతోనే కొత్తగా పిలిచారు. ఇద్దరూ ఒకే పంక్తిని ముట్టుకోలేదు. గిట్ నిమిషంలో కలిపి ఇస్తుంది, ప్రోగ్రాము మాత్రం నడవదు. గిట్‌కు పంక్తులు తెలుసు గాని అర్థం తెలియదు. కలిపిన తరవాత పరీక్షించడం మన బాధ్యతే.

తెలుగుతో వచ్చే చిక్కులు

గిట్ పంక్తులను పోల్చుతుందని చెప్పాను. ప్రోగ్రాములో పంక్తి చిన్నది. తెలుగు వ్యాసంలో, టైపు చేసేవారు పేరా మొత్తాన్ని ఒకే పంక్తిగా కొడతారు. పేరా మొదట్లో నేను ఒక కొమ్ము దిద్ది, చివర మీరు ఒక మాట మార్చినా గిట్ లెక్కలో అది ఒకే పంక్తి, కనుక వైరుధ్యమే. దీనికి నివారణ తేలిక: వాక్యానికొక పంక్తి చొప్పున టైపు చేయాలి. ముద్రణ సమయంలో అవన్నీ పేరాగా కలిసిపోయేట్టు చూసుకోవచ్చు. మరో మాట, వర్డ్ వంటి సాధనాలు దాచే ఫైళ్ళను గిట్ భద్రపరచగలదు గాని పంక్తి పంక్తికీ పోల్చి కలపలేదు. సాదా యూనికోడు పాఠమే ఇవ్వాలి. 1991లో వెలువడిన తొలి యూనికోడు ప్రమాణంలోనే తెలుగు ఉంది. అయినా చాలా ఏళ్ళపాటు మన సంచికలు, ఆంగ్ల అక్షరాల చోట తెలుగు బొమ్మలు పెట్టిన ఖతులతోనే అచ్చయ్యాయి. అటువంటి పాత ఫైళ్ళు తెరిచి చూస్తే పాఠం ఏదో గూఢలిపిలా ఉంటుంది.

ఇంకొక చిక్కు కంటికి కనబడదు. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట కింద వ వత్తు పడకుండా ఉండడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం వేస్తాం. ఒకచోట అది ఒకటికి బదులు రెండు సార్లు పడిందనుకోండి. తెర మీద రెండూ ఒకే తీరుగా ఉంటాయి. గిట్ మాత్రం తేడా ఉందంటుంది. కళ్ళద్దాలు తుడుచుకుని ఎంత చూసినా మనకు కనబడదు! అలాగే తెలుగులో ఫైళ్ళకు పేర్లు పెడితే, సెట్టింగు మార్చేవరకు గిట్ ఆ పేరును చూపకుండా 340, 260 వంటి అంకెల దండను చూపిస్తుంది. అవి తెలుగు అక్షరాల బైట్లు. 'కోర్ కోట్‌పాత్' అనే అమరికను ఆపివేస్తే పేరు చక్కగా తెలుగులో కనబడుతుంది.

శాఖల పోషణ

శాఖ తెరవడం 41 బైట్ల పని కావడంతో ఒక కొత్త జబ్బు పుట్టింది. ఎవరూ దేనినీ మూయరు. ఏ పెద్ద బృందం భాండారంలో చూసినా ఎందుకు తెరిచారో తెరిచినవారికే గుర్తు లేని శాఖలు వందల కొద్దీ కనబడతాయి. అందుకని పేరులోనే పని తెలియాలి. 'కొత్తది', 'ట్రయల్', 'రెండోది' అన్నవి పేర్లు కావు. మేము వ్యాసం పేరు, చేస్తున్న పని కలిపి పెడుతున్నాం. పేరు మధ్యలో ఖాళీ ఉండకూడదు గనుక అడ్డగీత వాడుతున్నాం. ప్రధాన శాఖకు ఇదివరకు 'మాస్టర్' అనే పేరు ఉండేది. 2020 నుంచి 'మెయిన్' అనే పేరు వాడుకలోకి వచ్చింది, రెండూ కనబడతాయి.

పేరుకన్నా ముఖ్యమైనది ఆయుష్షు. శాఖ ప్రధాన ప్రవాహానికి దూరంగా ఎంత కాలం ఉంటే, తిరిగి కలపడం అంత కష్టం. రెండు వైపులా మార్పులు పేరుకుంటాయి, ఉమ్మడి పూర్వీకుడు వెనకబడిపోతాడు. మన సంగతే చూడండి. ఎన్నో ఏళ్ళ కిందట ఊరు విడిచి వచ్చినవారి తెలుగు ఆ నాటి దగ్గరే ఆగి ఉంటుంది. సెలవులకు వెళితే అక్కడి కుర్రవాళ్ళు వాడే మాటలు సగం అర్థం కావు, మన మాటలు వారికి పాత సినిమా సంభాషణల్లా ఉంటాయి. ఏడాదికొకసారి వెళ్ళి వచ్చేవారికి ఈ ఇబ్బంది తక్కువ. శాఖకు కూడా చికిత్స ఇదే. ప్రధాన శాఖలో జరిగిన మార్పులను తరచుగా తన శాఖలోకి తెచ్చుకుంటూ ఉండాలి. రెండు మూడు రోజుల పని అయిపోగానే కలిపేయాలి. కొన్ని బృందాలు ఏ శాఖా ఒక్క రోజుకు మించి ఉండరాదని నియమం పెట్టుకుంటాయి. అది నాకు కొంచెం అతిగా తోస్తుంది. నెలల తరబడి ఉంచడం మాత్రం అప్పు మీద వడ్డీ పెంచుకోవడమే.

అయితే కావాలని దీర్ఘాయువుతో ఉంచే శాఖలు లేకపోలేదు. లినక్స్‌లో కొన్ని పాత విడుదలలకు ఏళ్ళ తరబడి మరమ్మతులు చేస్తూనే ఉంటారు. అక్కడ ఆచారం ఏమిటంటే సవరణ ముందు ప్రధాన శాఖలో చేరాలి. ఆ తరవాతే ఆ ఒక్క సవరణను పాత శాఖలోకి తీసుకువెళతారు. తలకిందులుగా చేస్తే పాత విడుదలలో నయమైన రోగం కొత్త విడుదలలో మళ్ళీ తిరగబెడుతుంది.

రీబేస్ అనే మరొక పద్ధతిని గురించి ఒక్క మాట. అది శాఖను వేరు చేసి, ఇప్పుడే తాజా నమోదు నుంచి మొదలుపెట్టినట్లుగా దాని నమోదులను తిరిగి రాస్తుంది. చరిత్ర తిన్నగా కనబడుతుంది నిజమే. కాని పాత నమోదులు పోయి వాటి స్థానంలో కొత్త గుర్తులతో వేరే నమోదులు పుడతాయి. ఎవరికీ ఇవ్వని సొంత శాఖ మీద చేసుకోవచ్చు. ఇతరులు దాని మీద పని మొదలుపెట్టాక చేస్తే వారి ప్రవరలోని తాతగారిని మార్చినట్లే.

పని ముగిసి కలిసిపోయిన శాఖను తొలగించాలి. చిన్న డి అక్షరంతో తొలగించమంటే, ఇంకా కలవని పని అందులో ఉన్నదేమో గిట్ చూసి, ఉంటే నిరాకరిస్తుంది. పెద్ద డి అక్షరంతో అంటే అడగకుండా తీసేస్తుంది. పొరపాటున తీసేసినా గుండె చేత్తో పట్టుకోనక్కరలేదు. పోయింది కొమ్మే కదా. చంద్రుడు అక్కడే ఉన్నాడు. మన కంప్యూటరులో మనం ఎప్పుడు ఏ నమోదు దగ్గర నిలబడ్డామో గిట్ ఒక దినచర్య రాసుకుంటుంది. దానిని రెఫ్‌లాగ్ అంటారు. అందులో పాత గుర్తు వెతికి, అక్కడి నుంచి మళ్ళీ శాఖ తెరవవచ్చు. ఏ శాఖకూ అందని నమోదులను మామూలుగా 30 రోజుల వరకు ఆ దినచర్య గుర్తు పెట్టుకుంటుంది. ఆ తరవాత గిట్ ఊడ్చివేయవచ్చు. ఇక ఎన్నడూ నమోదు చేయని పనిని గిట్ కాపాడలేదు.

నిరుడు మా సంచిక పని మొత్తాన్ని గిట్‌లోకి మార్చాము. ఒక వ్యాసానికి ఒక శాఖ. అప్పుడు పెద్దాయన కోడలిని అడిగితే తన పాత ల్యాప్‌టాపులో వెతికి రెండు ఫైళ్ళు పంపింది: తాను మొదట టైపు చేసినది, మామగారు రెండు పేరాలు చేర్పించినది. మొదటిదాన్ని నమోదు చేశాను. దాని మీద నేను దిద్దిన ప్రతిని నమోదు చేశాను. తిరిగి మొదటి నమోదు దగ్గరకు వెళ్ళి, అక్కడి నుంచి శాఖ తెరిచి, ఆయన ప్రతిని అందులో పెట్టాను. కలపమన్నాను. నీరటి పేరాలు రెండూ ఏ అడ్డూ లేకుండా వచ్చి చేరాయి.

ఒక్క పంక్తి దగ్గర గిట్ ఆగింది. నా ప్రతిలో "మా చెరువుకు నాలుగు తూములు ఉండేవి" అని ఉంది. ఆయన ప్రతిలో "మా చెరువుకి మూడు తూములు ఉండేవి" అని ఉంది. నాలుగా, మూడా? అడగడానికి ఆయన లేరు. మొదటి ప్రతి చూశాను. "మా చెరువుకి నాలుగు తూములు". నేను మార్చినది విభక్తిని మాత్రమే. నాలుగును మూడు చేసినది ఆయనే, ఆలోచించుకునే చేసి ఉంటారు. 'చెరువుకు మూడు తూములు' అని ఉంచి నమోదు చేశాను. వ్యాసం పూర్తి పాఠం ఈ సంచికలో వేస్తున్నాం.

పని అయిపోయిన శాఖను తొలగించాలని పైన రాశాను. ఆ శాఖను మాత్రం ఇంకా తొలగించలేదు. మామగారి ట్రంకు పెట్టెలో చెరువును గురించే మరొక కాగితం దొరికిందని మొన్న ఆదివారం ఆ అమ్మాయి ఫోను చేసింది.